‘మా’ అంటే ఎవరెవరు?

పదకొండో భాగం

పోయిన వారం చదవనివాళ్ళు కంగారు పడక్కర్లేదు, జరిగింది కొంచెమే. ఆరేళ్ళ తాక్ ఉన్‌బి మా స్కూల్లో సీటు కోసం ఇంటర్వ్యూకి వచ్చింది. హాలోరన్ గారు ఇంగ్లీషులో అడిగిన ప్రశ్నలకి ఇంగ్లీషులోనే ముక్తసరిగా జవాబులు చెప్పి వెళ్ళింది. వెళ్ళాక ఆయన ఆ పిల్ల ఫైలు మీద ఎర్ర సిరాతో పెద్ద ప్రశ్న గుర్తు పెట్టాడు. మంగళవారం పొద్దున నన్ను తన గదికి రమ్మన్నాడు. అక్కడ ఆపాను.

నన్ను మర్చిపోయినవాళ్ళకి నా సంగతి కూడా ఒక ముక్క. పేరు ఓక్‌సన్. సియోల్‌లో కొండమీదున్న ఈ విదేశీ స్కూల్లో, అడ్మిషన్ల గదిలో, ఇరవై రెండేళ్ళుగా పని చేస్తున్నాను. కొరియా పిల్లలకి ఇక్కడ సీటు కావాలంటే మూడేళ్ళు బయటి దేశంలో ఉండి రావాలి. వెయ్యిన్ని తొంభై అయిదు రోజులు, ఒక్కటి తగ్గినా కుదరదు. విమానాశ్రయం రికార్డులు ముందేసుకుని ఆ రోజులు లెక్కపెట్టడం నా పని. దొంగ కాగితాన్ని వాసన చూసి పట్టేస్తానని స్కూలంతా చెప్పుకుంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు లోపల కాస్త పొగరుగానే ఉంటుంది. ఈ వారం ఆ పొగరు దిగిపోయిన కథే చెబుతున్నాను.

ఆ రోజు బయట, ఏటా ఈ రోజుల్లో ఎడారుల నుంచి గాలికి కొట్టుకొచ్చే పసుపు దుమ్ము. కిటికీలన్నీ మూసేశారు. హాలోరన్ గారు ఉన్‌బి ఫైలు తెరిచి పెట్టుకుని కూర్చున్నాడు. కెనడా మనిషి, మంచివాడే. కాకపోతే వయసులో తనకన్నా పెద్దదాన్ని పేరు పెట్టి పిలవకూడదని ఇన్నేళ్ళలోనూ బుర్రకి ఎక్కించుకోలేకపోయాడు.

"ఓక్‌సన్, ఈ పిల్లకి తోబుట్టువులు ఎంతమంది?"

"ఎవరూ లేరు. ఒక్కతే. కుటుంబ పత్రం ఫైల్లోనే ఉంది చూడండి."

"చూశాను. మరి ఇంటర్వ్యూలో నాలుగుసార్లు ‘మా అమ్మ’ అంది. ఇంగ్లీషులో ఒంటరి పిల్ల ‘నా అమ్మ’ అనాలి కదా. ఈ ‘మా’ అంటే ఎవరెవరు?"

నాకు నవ్వాగలేదు. ఇంత చదువుకున్న మనిషి, ఇన్నేళ్ళుగా మా మధ్య ఉన్నవాడు, ఇంత అమాయకంగా అడుగుతాడా అనుకున్నాను.

"మేమందరం అంతే అంటామండీ," అన్నాను. "మా అమ్మ, మా ఇల్లు, మా ఊరు. నాకున్నది ఒక్కడే మొగుడు, ఆయన్ని నేను ఎవరితోనూ పంచుకోలేదు. అయినా ‘మా ఆయన’ అనే అంటాను. ‘నా మొగుడు’ అంటే మా భాషలో వినడానికే ఎబ్బెట్టుగా ఉంటుంది. కొరియన్‌లో ఆలోచించి ఇంగ్లీషులో చెప్పేవాళ్ళందరికీ ఆ ‘మా’ జారిపోతుంది. అందులో వింతేం లేదు."

ఆయన కూడా నవ్వాడు. నవ్వుతూనే ఆగిపోయాడు.

"కొరియన్‌లో ఆలోచించి, అన్నావు."

నేను ఫైలు వంక చూశాను.

"ఈ పిల్ల మూడేళ్ళు కూడా నిండకుండా ఆక్లండ్ వెళ్ళింది. అక్కడి బడిలో, అక్కడి పిల్లల మధ్య పెరిగింది. తిరిగొచ్చి ఏడు నెలలు. అలాంటిది ‘నా అమ్మ’ అనడం రాలేదంటే నమ్మమంటావా?"

ఆ పిల్లని కాపాడబోయి, నా నోటితో నేనే ఆమె సీటుకి ఎసరు పెట్టాను. తెలివి ప్రదర్శించడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు.

"రెండిట్లో ఒకటి," అన్నాడాయన. "ఇంట్లో ఇంకో బిడ్డ ఉండి మన దగ్గర దాచారు. లేదంటే ఆ మూడేళ్ళూ ఈ పిల్ల అక్కడ లేదు. ఒకటో తరగతిలో మిగిలింది ఒక్క సీటు. నాలుగింటికి కమిటీ కూర్చుంటుంది. తల్లిని పిలిచి కనుక్కో. సరైన జవాబు లేకపోతే సీటు వరసలో తర్వాతి పిల్లకి ఇచ్చేద్దాం."

ఇంకో బిడ్డ సంగతి నేను చెవిన కూడా వేసుకోలేదు. రెండోదే నిజమని నాకు ముందే తెలుసు. ఆయనకి చెప్పని విషయం ఒకటి నా దగ్గర ఉంది.

ఇంటర్వ్యూ రోజున వరండాలో ఆ పిల్ల చేతిలోంచి బార్లీ టీ సీసా జారి నేలమీద ఒలికిపోయింది. చుట్టూ ఎవరూ లేరనుకుని "ఒమే" అంది. సియోల్ పిల్లలు అయ్యో అనడానికి ఆ మాట వాడరు. దక్షిణాన చల్లా ప్రాంతంలో, అదీ సముద్రపు ఊళ్ళలో, ముసలమ్మలు అంటారు. వాళ్ళ ఒళ్ళో పెరిగిన పిల్లలు అంటారు. నాకెలా తెలుసంటే నాదీ ఆ వైపే. ఇరవయ్యేళ్ళప్పుడు ఉద్యోగానికి సియోల్ వచ్చి, గదిలో అద్దం ముందు నిలబడి, ఆ యాసని ఒక్కో మాటా చొప్పున ఊడబెరుక్కున్నదాన్ని. అలాంటి దానికి ఆ ‘ఒమే’ చెవిలో పడితే తెలియకుండా ఉంటుందా? ఆక్లండ్‌లో పెరిగిన పిల్లకి ఆ మాట ఎవరు నేర్పుతారు?

ఇంకో చిన్న విషయం కూడా చూశాను. ఉన్‌బీ అని పిలిస్తే ఆ పిల్ల వెంటనే తిరగదు. ఒక్క క్షణం ఆగి తిరుగుతుంది. సిగ్గరి అనుకున్నాను.

మూడింటికి తల్లి వచ్చింది. పేరు బాన్ మిరే. కానీ మా దగ్గర తల్లుల్ని పేరు పెట్టి పిలవం కదా, ఉన్‌బి వాళ్ళమ్మ. ముప్పై అయిదుంటాయి. బూడిద రంగు కోటు, ముఖానికి మాస్కు, చేతిలో ఫైలు. పక్కనే పిల్ల. ఇంట్లో చూసేవాళ్ళు లేరని తీసుకొచ్చానంది. మూలనున్న పొట్టి బల్ల దగ్గర పిల్లని కూర్చోబెట్టి, రంగు పెన్సిళ్ళిచ్చి, ఇంగ్లీషులో మెల్లగా ఏదో చెప్పింది. బొమ్మ వేసి కింద పేరు రాయమంది. పిల్ల పెన్సిలు గట్టిగా పట్టుకుని ఇంగ్లీషు అక్షరాలు ఒక్కోటీ గుర్తు తెచ్చుకుంటూ రాస్తోంది. తల్లి ఆ అయిదు అక్షరాలూ పూర్తయ్యేదాకా అక్కడే నిలబడి, అప్పుడొచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"ఉన్‌బి వాళ్ళమ్మా, తిప్పి తిప్పి అడగడం నాకు రాదు," అన్నాను. "పాప నిజంగా ఆ మూడేళ్ళూ అక్కడే ఉందా?"

"టీచరుగారూ, పిల్ల ముందు కొరియన్ వద్దండీ. ఇంట్లో ఏడు నెలలుగా ఒక్క మాట కూడా లేదు." స్కూల్లో పనిచేసే ఎవరినైనా మా దగ్గర టీచరుగారూ అనే అంటారు.

"మీకూ నాకూ మధ్య మాట ఇది. పాప బొమ్మలో ఉంది లెండి. చెప్పండి."

"కాగితాలు ఇచ్చాను కదా. మీరే లెక్కపెట్టుకుని ఉంటారు."

"రెండుసార్లు లెక్కపెట్టాను. వెయ్యిన్నూట ముప్పై ఒక్క రోజు. ముద్రలన్నీ సరిగ్గా ఉన్నాయి. ఇంత శుభ్రమైన కాగితాలు నేను ఈ మధ్య చూడలేదు. వచ్చిన తంటా కాగితాలతో కాదమ్మా. పిల్లే కాగితాలకి సరిపోవడం లేదు."

ఆమె మాస్కు తీసి బల్లమీద పెట్టింది. చాలా రోజులుగా నిద్ర లేని ముఖం.

"మీ పిల్లలు ఎక్కడ చదివారు టీచరుగారూ?"

"మామూలు బడిలో. ఎందుకు?"

"ఏం లేదు. ఇరవై ఏళ్ళుగా గుమ్మం దగ్గర నిలబడి ఎవరు లోపలికి వెళ్ళాలో చెబుతున్నారు. మీరు మాత్రం వెళ్ళలేకపోయారు. అందుకే మా మీద ఇంత శ్రద్ధేమో అని."

తగలాల్సిన చోటే తగిలింది. ముప్పై ఏళ్ళ క్రితమైతే నేనూ మా ఊరి భాషలో రెండు అంటించేదాన్నే. ఇప్పుడు బల్లమీద కాగితాలు సర్దుకుని ఊరుకున్నాను.

"నన్నేమన్నా పర్వాలేదు. నాలుగింటికి కమిటీకి నేను జవాబు చెప్పాలి. పాప ‘ఒమే’ అంది. నేను విన్నాను. ఇంగ్లీషులో నాలుగుసార్లు ‘మా అమ్మ’ అంది. హాలోరన్ గారు విన్నాడు. ఈ పిల్లని అమ్మమ్మ పెంచింది, ఆక్లండ్‌లో కాదు. నేను అనుకునేది అదీ. ఆయన అనుకునేది ఇంకా విచిత్రం. మీకు ఇంకో బిడ్డ ఉందనీ, దాచారనీ అంటున్నాడు."

నేను మొదటి మాటకి ఆమె బెదురుతుందని చూస్తున్నాను. దానికేం కాలేదు. రెండోది, ఆ పిచ్చి ప్రశ్న, నేను నవ్వుతూ అన్న మాట, దానికి ఆమె ముఖంలో రక్తం లేకుండా పోయింది.

ఆమె ఫైలు వెనక అరలోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి బల్లమీద పరిచింది. మడతల దగ్గర నలిగి దాదాపు చిరిగిపోయి ఉంది. ఎన్నిసార్లు విప్పి ఎన్నిసార్లు మడిచిందో.

కుటుంబ పత్రమే. కానీ మాకిచ్చిన రకం కాదు. మా దేశంలో ఆ పత్రం రెండు రకాలు. మామూలు దాంట్లో బతికున్న పిల్లల పేర్లే ఉంటాయి. వివరాల పత్రంలో పోయినవాళ్ళ పేర్లు కూడా ఉంటాయి. మేము అడిగేది మామూలుది. ఇన్నేళ్ళలో ఏ తల్లినీ రెండోది అడగాలని నాకు తోచలేదు.

తాక్ ఉన్‌బి. దాని కింద తాక్ దాన్‌బి. ఇద్దరిదీ ఒకే పుట్టినరోజు. దాన్‌బి పేరు పక్కన ‘మృతి’ అని ఉంది.

"కవలలా?" అన్నాను.

"ఉన్‌బి పదకొండు నిమిషాలు పెద్దది. మా ఆయనకి ఆక్లండ్‌లో పని దొరికినప్పుడు ఇద్దర్నీ చూసుకోలేనని, ఒకదాన్ని తీసుకెళ్ళాను. ఒకదాన్ని మా అమ్మ దగ్గర వదిలాను. గోహంగ్‌లో, దక్షిణాన సముద్రం పక్కన." ఆమె మాటలు అప్పజెప్పినట్టు చెబుతోంది. "అక్టోబరులో దాన్ని తీసుకుని తిరిగొచ్చాను. పిల్లలిద్దరూ మూడేళ్ళ తర్వాత కలిశారు. పన్నెండు రోజులు ఒక్క దుప్పట్లో పడుకున్నారు. తర్వాత జ్వరం. పట్నంలో ఆసుపత్రికి చేర్చేటప్పటికే అయిపోయింది. అక్కడ పేరు అడిగారు. నేను చెప్పాను. రాసుకున్నారు."

"మీ అమ్మగారు?"

"అప్పట్నించి నాతో మాట్లాడదు. ఫోనెత్తితే ఒక్కటే మాట అడుగుతుంది, నువ్వు తల్లివేనా అని."

ఒక్కసారిగా అన్నీ అమరిపోయాయి. ఆ ‘ఒమే’ గోహంగ్ నుంచి వచ్చింది. పన్నెండు రోజులు ఒక్క దుప్పట్లో పడుకున్న చెల్లెలి నోట్లోంచి వచ్చింది. నాలుగుసార్లు అన్న ఆ ‘మా’ మా భాష అలవాటు కాదు. చెల్లెల్ని కలుపుకుని అన్న ‘మా’. హాలోరన్ అమాయకంగా అడిగిందే నిజం. నేను తెలివిగా నవ్వింది తప్పు. పోయిన బిడ్డ పేరు బల్లమీద పెట్టించేదాకా ఆ తల్లిని వదలలేదు నేను. అంత సిగ్గు నాకు ఎన్నడూ వెయ్యలేదు.

"క్షమించండి ఉన్‌బి వాళ్ళమ్మా. నాకు తెలియదు."

"ఉన్‌బి పోలేదు టీచరుగారూ," అంది ఆమె. "అది ఇక్కడే ఉంది. ఉన్‌బికి ఈ స్కూలు ఫొటో చూపించి, నువ్వు పెద్దయ్యాక ఇక్కడే చదువుతావని రోజూ చెప్పేదాన్ని. అది చదువుతుంది. పోయింది దాన్‌బి."

దుఃఖంలో ఉన్నవాళ్ళు ఒక మాటని పదిసార్లు అంటారు. అలాగే అనుకున్నాను. ఆమె కళ్ళు నీళ్ళతో నిండాయి. ముఖం కడుక్కుని వస్తానంటూ లేచింది. పిల్ల వంక ఒకసారి చూసి, వరండాలోకి వెళ్ళింది.

నేను కాగితం తీసుకుని కమిటీకి అయిదు వాక్యాలు రాశాను. పిల్లకి కవల చెల్లెలు ఉండేదని, గత అక్టోబరులో చనిపోయిందని, మాట తీరులో కనిపించిన తేడాకి అదే కారణమని, రోజుల లెక్కలో ఏ లోపమూ లేదని, సీటు ఇవ్వడం న్యాయమని. కింద సంతకం పెట్టాను. కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది. గోడ గడియారంలో నాలుగుకి ఇంకా పదిహేను నిమిషాలుంది.

తలెత్తేసరికి పిల్ల నా బల్ల పక్కనే నిలబడి ఉంది. బొమ్మ చేతిలో లేదు. విప్పి ఉన్న ఆ పత్రాన్ని చూస్తోంది.

పాపం, అక్కాచెల్లెళ్ళ పేర్లు ఒకదాని కింద ఒకటి చూసింది, అనుకున్నాను. అప్పుడు ఏ దేవుడు నా నాలుక తిప్పాడో తెలియదు. ముప్పై ఏళ్ళుగా నోట్లోంచి రానివ్వని మా ఊరి యాస దానంతటదే వచ్చేసింది.

"ఏటి సూస్తన్నావమ్మా?"

పిల్ల గిర్రున నా వైపు తిరిగింది. ఈసారి క్షణం కూడా ఆగలేదు. ఏడు నెలలుగా దాని చెవిన పడని యాస అది. ఆ కళ్ళలో వచ్చిన వెలుగు చూసి నాకే భయమేసింది.

"నీది గోహంగా?" అంది గుసగుసగా, అదే యాసలో.

"ఆ పక్కనే. ఏటి సూస్తన్నావు?"

చూపుడు వేలు పత్రం మీద పెట్టింది. కింద వరసలో. ‘మృతి’ అని ఉన్న పేరు మీద.

"ఇది నా పేరు."

"కాదమ్మా. నీది పైన ఉన్నాది. ఇది మీ సెల్లిది."

"పైది మా అక్కది," అంది పిల్ల, నాకు చదవడం రాదేమో అన్నట్టు జాలిగా. "ఇది నాది. నాకు తెలుసు. అమ్మమ్మ నన్ను తలుపుకాడ నిలబెట్టి, నెత్తిమీద గీత గీసి, పక్కన ఇది రాసేది. నాను ఎంత ఎదిగితే అన్నిసార్లు రాసింది. నాకు సదవడం వచ్చింది ఇదొక్కటే."

అక్కడ పేరు అడిగారు, నేను చెప్పాను, రాసుకున్నారు. తల్లి అన్న ఆ మాట ఇప్పుడు వినిపించింది నాకు: పోయింది ఉన్‌బి, ఆమె చెప్పింది దాన్‌బి పేరు.

"మరి నిన్ను ఉన్‌బీ అని ఎందుకు పిలుస్తాది అమ్మ?"

"అక్క పేరు నాను పెట్టుకున్నాను. కొన్నాళ్ళకే." పిల్ల వరండా వైపు ఒకసారి చూసి, నా చెవి దగ్గరికి వచ్చింది. "ఇంగ్లీసు బాగా నేర్చుకుని, ఈ బడిలో సీటొచ్చిందంటే, నా పేరు నాకిచ్చేస్తానంది. అప్పుడు అమ్మమ్మ ఇంటికి కూడా ఎల్లొచ్చంట." తర్వాత, ఎంతో మర్యాదగా అడిగింది. "సీటొచ్చిందా?"

నేను సంతకం పెట్టిన కాగితం మా ఇద్దరి మధ్య ఉంది. అది కమిటీకి వెళితే పిల్లకి సీటు వస్తుంది. పన్నెండేళ్ళు ఈ స్కూలు రిజిస్టర్లో ఉన్‌బి ఉంటుంది. దాన్‌బి ఆ పత్రంలో అలాగే చచ్చి ఉంటుంది, తను కోరుకున్న పేరు తనకి ఎన్నటికీ తిరిగి రాదు. వెళ్ళకపోతే ఆ తల్లి ఏమవుతుందో, ఈ పిల్ల ఎవరి దగ్గర మిగులుతుందో నాకు తెలియదు.

వరండాలో చెప్పుల చప్పుడు వినిపించింది. తల్లి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ముఖం కడుక్కుంది, మాస్కు మళ్ళీ పెట్టుకుంది. ఆమె చూపు నా మీద కాదు, పత్రం మీదున్న ఆ చిన్న వేలి మీద ఆగింది.

"ఉన్‌బీ," అని పిలిచింది.

పిల్ల వేలు తీసేసింది. చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది. ఎప్పటిలాగే ఒక్క క్షణం ఆగి, తిరిగింది.

అదే సమయానికి లోపలి గది తలుపు తెరుచుకుంది. హాలోరన్ గారు కోటు తొడుక్కుంటూ బయటికి వచ్చి, నవ్వుతూ నా ముందున్న కాగితం కోసం చెయ్యి చాపాడు.

"ఏం ఓక్‌సన్, ‘మా’ అంటే ఎవరెవరో తెలిసిందా?"